అమెరికా అంతర్యుద్ధ జనరళ్లు: ఏ రిఫరెన్స్ పుస్తకం కొనాలి, ఏది లైబ్రరీలో చూస్తే చాలు

1865 ఏప్రిల్ 9న వర్జీనియాలోని అపొమాటక్స్ కోర్ట్‌హౌస్ అనే ఊళ్లో, విల్మర్ మెక్లీన్ ఇంటి ముందుగదిలో దక్షిణాది సేనాని రాబర్ట్ ఇ. లీ తన సైన్యాన్ని ఉత్తరాది సేనాని గ్రాంట్‌కు అప్పగించాడు. ఆ లొంగుబాటు షరతులను సిరాతో సాఫు ప్రతి రాసింది ఈలీ పార్కర్. సెనెకా తెగ మనిషి, గ్రాంట్ దగ్గర మిలిటరీ సెక్రటరీ. తర్వాతి రోజుల్లో లోకం ఆయన్ని జనరల్ పార్కర్ అనే పిలిచింది. ఉత్తరాది జనరళ్ల గురించి ఎవర్ని అడిగినా ముందు చెప్పే పుస్తకం ‘జనరల్స్ ఇన్ బ్లూ’. అది కొనుక్కొచ్చి పార్కర్ కోసం తిరగేశారనుకోండి. ఆయన మీద వ్యాసం కనపడదు. దానికి జోడీగా దక్షిణాది జనరళ్ల మీద వచ్చిన ‘జనరల్స్ ఇన్ గ్రే’ తీసి స్టాండ్ వేటీ పేరు వెతకండి. వెంటనే దొరుకుతాడు. చెరోకీ నాయకుడు, దక్షిణాది తరఫున పోరాడినవాడు, 1865 జూన్ 23న అందరికంటే ఆఖరున లొంగిపోయిన కాన్ఫెడరేట్ (దక్షిణాది) జనరల్.

ఇద్దరూ అమెరికా మూలవాసులే, ఇద్దర్నీ జనరల్ అనే అన్నారు. ఒకరున్నారు, ఇంకొకరు లేరు. ఇది అచ్చుతప్పు కాదు, పక్షపాతం కూడా కాదు. ‘జనరల్ అంటే ఎవరు’ అన్న ప్రశ్నకు ఆ పుస్తకం పెట్టుకున్న గీత అది. ఈ రకం పుస్తకాలు కొనేటప్పుడు చాలామంది పేజీలెన్ని, ఫొటోలున్నాయా, ధరెంత అని చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఆ గీత ఎక్కడుందో. ఒక పుస్తకం కొని, కావలసిన మనిషి లేక, రెండోది కొని, అందులో ఉన్నా కావలసిన సంగతి లేక, మూడోదానికి డబ్బు పోసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ఉత్తర వర్జీనియాలో ఉండే మనవాళ్లకు ఈ ఆసక్తి ఎక్కడ మొదలవుతుందో నాకు బాగా తెలుసు. యాష్‌బర్న్ నుంచో హెర్న్‌డన్ నుంచో మనాసస్ యుద్ధభూమి ఎంత దూరమని! ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే గెటిస్‌బర్గ్ ఒక రోజు ట్రిప్. అక్కడ గుర్రం మీద కంచు విగ్రహం చూసి ‘ఈయనెవరు, చివరికి ఏమయ్యాడు?’ అని నాన్నగారు అడుగుతారు. ఫోన్‌లో వెతికితే ఏదో ఒకటి వస్తుంది. కానీ పది విగ్రహాల దగ్గర పదిసార్లు అదే ప్రశ్న వచ్చాక, అందరూ ఒకేచోట ఉన్న పుస్తకం కావాలనిపిస్తుంది.

హోదాల గొడవ కొంచెం

పుస్తకాల్లోకి వెళ్లే ముందు రెండు విషయాలు. ఉత్తరాదిలో హోదా రెండు రకాలు. ఒకటి అసలు హోదా. రెండోది బ్రెవెట్, అంటే గౌరవార్థం ఇచ్చే హోదా. మన దగ్గర రిటైర్మెంట్‌కు నెల ముందు వచ్చే ప్రమోషన్ లాంటిది: పేరు ముందు మాట మారుతుంది, చేతికింద మనుషులు మారరు. యుద్ధం ముగింపులో ఈ బ్రెవెట్లు కుప్పలుగా పంచారు. ఎక్కువ వాటి మీద 1865 మార్చి 13 తేదీ ఉంటుంది. ఆ ఒక్క రోజే అంతమంది వీరత్వం చూపారని కాదు, అది వెనక్కి జరిపి వేసిన తేదీ. చాలావాటికి సెనేట్ ఆమోదం 1866లో గానీ రాలేదు. పార్కర్‌ది కూడా బ్రెవెట్టే, కాకపోతే ఆయన బ్రెవెట్‌కు లొంగుబాటు జరిగిన రోజునే తేదీగా వేశారు.

దక్షిణాదిలో ఈ బ్రెవెట్ల గొడవ లేదు గానీ ఇంకో గొడవ ఉంది. 1863 జూలై 4న విక్స్‌బర్గ్ పడిపోయాక మిసిసిపీ నదికి పడమర ఉన్న సైన్యానికి రాజధాని రిచ్‌మండ్‌తో సంబంధం దాదాపు తెగిపోయింది. అక్కడి సేనాధిపతి ఎడ్మండ్ కర్బీ స్మిత్ తన అధికారంతోనే కొందర్ని జనరళ్లుగా పనిలో పెట్టాడు. దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ వాళ్లలో కొందరికి ఆమోదం తెలిపాడు, కొందరికి ఆ కాగితం ఎప్పటికీ రాలేదు. ఇక రాష్ట్రాల సొంత దళాల్లో జనరళ్లయినవాళ్లు వేరే. మిస్సోరీ స్టేట్ గార్డ్‌కు చెందిన ఎం. జెఫ్ థాంప్సన్ అలాంటివాడే. యుద్ధమంతా జనరల్ అనిపించుకున్నాడు, కాన్ఫెడరేట్ ప్రభుత్వం మాత్రం ఆ నియామకం ఇవ్వలేదు.

వార్నర్ జంట: చాలామందికి ఇవి చాలు

ఎజ్రా వార్నర్ రాసిన ‘జనరల్స్ ఇన్ గ్రే’ 1959లో, ‘జనరల్స్ ఇన్ బ్లూ’ 1964లో వచ్చాయి. రెండూ లూసియానా స్టేట్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురణలే, ఇప్పటికీ దొరుకుతాయి. మొదటిదాంట్లో 425 మంది, రెండోదాంట్లో 583 మంది. అసలు హోదాలో, సరైన అధికారి నియమించిన జనరళ్లు మాత్రమే లోపలికి వస్తారు. ఇదీ వార్నర్ గీత. బ్రెవెట్ల పేర్లు ‘బ్లూ’ చివర పట్టికగా ఉంటాయి తప్ప వాళ్ల కథలుండవు.

ఒక్కొక్కరికి సుమారు ఒక పేజీ, దాదాపు అందరికీ ఫొటో. పుట్టుక, చదువు, యుద్ధానికి ముందు ఉద్యోగం, ఏ యుద్ధంలో ఏం చేశాడు, తర్వాత ఎలా బతికాడు, ఎక్కడ పోయాడు, ఎక్కడ పూడ్చారు. ఈ చివరి భాగమే వార్నర్ బలం అంటాను. యుద్ధం అయిపోయాక చాలా పుస్తకాలకు ఈ మనుషుల మీద ఆసక్తి పోతుంది. వార్నర్ సమాధి దాకా వెళతారు. ఇన్సూరెన్స్ అమ్మినవాళ్లు, ఈజిప్టు సైన్యంలో చేరినవాళ్లు, గవర్నర్లయినవాళ్లు, దివాలా తీసినవాళ్లు అందరూ వరసగా కనిపిస్తారు. రాత్రి పడుకునే ముందు నాలుగు పేజీలు చదువుకోదగ్గ రిఫరెన్స్ పుస్తకాలు ఎన్నో ఉండవు. ఇది అలాంటిది.

అక్షర క్రమంలో ఉండటం వల్ల తమాషా పొరుగువాళ్లు కూడా తగులుతారు. ‘బ్లూ’లో డి దగ్గర జెఫర్సన్ డేవిస్ ఉంటాడు! దక్షిణాది అధ్యక్షుడు కాదు, అదే పేరున్న ఉత్తరాది బ్రిగేడియర్ జనరల్, మధ్యలో సి అనే ఇనీషియల్ ఒక్కటే తేడా. ఈయన 1862 సెప్టెంబర్ 29న లూయీవిల్‌లోని గాల్ట్ హౌస్ హోటల్లో, తనను అవమానించాడన్న కోపంతో తన సొంత పక్షం జనరల్ విలియం నెల్సన్‌ను కాల్చి చంపాడు. విచారణ జరగలేదు, మళ్లీ యుద్ధానికి వెళ్లిపోయాడు. హిల్‌లు, జాన్‌స్టన్ జాన్సన్‌లు ఒకరిద్దరు కారు, ఇక లెక్కలేనంత మంది స్మిత్‌లు. ఇంటిపేర్లు కలిసే బాధ మనకు కొత్త కాదు గానీ, ఇక్కడ ఇనీషియల్ తప్పు చదివితే ఉత్తరాది నీలం కోటు మనిషి దక్షిణాది బూడిద రంగు కోటులోకి వెళ్లిపోతాడు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. పుస్తకాలు వచ్చి అరవై ఏళ్లు దాటింది. ఈలోగా జనాభా లెక్కలు, కుటుంబ పత్రాలు, పాత పేపర్లు కంప్యూటర్లలోకి వచ్చాయి. కొన్ని పుట్టిన తేదీలు మారాయి. ఉదాహరణకు ఓటు హక్కు వయసు రాకుండానే జనరల్ అయ్యాడని చెప్పుకునే గలూషా పెనీపాకర్ పుట్టిన సంవత్సరం మీద పుస్తకానికి పుస్తకానికి పొంతన ఉండదు. రెండోది, వార్నర్ తీర్పులు చెబుతారు. ఎవరు సమర్థుడు, ఎవరు దద్దమ్మ అన్నది రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. చదవడానికి బాగుంటుంది. వ్యాసంలో వాడుకునేటప్పుడు మాత్రం ఇంకొకరిని కూడా సంప్రదించండి.

ఐకర్ల ‘హై కమాండ్స్’: కథ వద్దు, తేదీ కావాలి అనేవాళ్లకు

2001లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసిన ‘సివిల్ వార్ హై కమాండ్స్’ ఇంకో జాతి పుస్తకం. వెయ్యి పేజీలు దాటుతుంది, ఒళ్లో పెట్టుకుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. రాసింది తండ్రీకొడుకులు, జాన్ ఐకర్, డేవిడ్ ఐకర్. తండ్రి కెమిస్ట్రీ ప్రొఫెసర్, కొడుకు ఖగోళశాస్త్ర పత్రికకు ఎడిటర్. ఆ పెంపకం పుస్తకంలో కనిపిస్తుంది. విశేషణం అన్న మాటే లేదు.

ఇందులో ప్రతి మనిషీ ఒక చిన్న దిమ్మె. ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ చదివాడు, ఏ హోదాకు ఎప్పుడు నియమించారు, ఏ తేదీ నుంచి లెక్క, సెనేట్ ఎప్పుడు ఆమోదించింది, ఏ దళానికి ఎన్నాళ్లు నాయకుడు. అంతా పొడి అక్షరాల్లో, సంక్షిప్తాలతో. మొదటి వారం ఆ సంక్షిప్తాల పట్టిక దగ్గర ఒక కాగితం పెట్టుకోవాల్సిందే. అధ్యక్షులు, మంత్రులు, గవర్నర్లు, నౌకాదళ పెద్దలు, బ్రెవెట్ జనరళ్లు, రాష్ట్ర దళాల జనరళ్లు, నియామకం దాకా వచ్చి ఆగిపోయినవాళ్లు కూడా ఉంటారు. అంటే వార్నర్ గీత బయట నిలబడ్డవాళ్లలో చాలామంది ఇక్కడ లోపలున్నారు, ఎవరు ఎందుకు బయట నిలబడ్డారో చెప్పే సమాచారంతో సహా. వెనక భాగంలో ఏ సైన్యానికి, అందులోని ఏ కోర్‌కు (పెద్ద విభాగానికి) ఎవరెవరు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా నాయకత్వం వహించారో జాబితాలు, సీనియారిటీ వరసలు ఉన్నాయి.

దీని విలువ తెలియాలంటే కస్టర్‌ను చూడండి. 1861లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి తన తరగతిలో ఆఖరివాడిగా బయటికొచ్చాడు. 1863 జూన్ 29న, గెటిస్‌బర్గ్ యుద్ధానికి రెండు రోజుల ముందు, 23 ఏళ్లకే వాలంటీర్ సైన్యంలో, అంటే యుద్ధం కోసం తాత్కాలికంగా కట్టిన దళాల్లో, బ్రిగేడియర్ జనరల్. 1865 ఏప్రిల్‌లో మేజర్ జనరల్. కానీ ఇదే కాలంలో శాశ్వత సైన్యంలో ఆయన అసలు హోదా కెప్టెన్ దాటలేదు. 1866లో సెవెంత్ కావల్రీకి (గుర్రపు దళానికి) లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు, 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర చనిపోయేటప్పుడూ అంతే. మరి జనరల్ కస్టర్ అని ఎందుకంటారు? ఈ ప్రశ్నకు వార్నర్ కథ చెబుతారు. ఐకర్లు తేదీల వరస చూపిస్తారు, మీకే అర్థమవుతుంది.

కథలు ఇష్టమైనవాళ్లు దీన్ని కొనొద్దు. నిజంగా చెబుతున్నాను. అందంగా కనిపిస్తుంది, అరలో పెడతారు, మళ్లీ తియ్యరు. వికీపీడియాలో సరిదిద్దేవాళ్లు, యుద్ధాల ఆట రూపొందించేవాళ్లు, పీహెచ్‌డీ పిల్లలు, పాత ఉత్తరం ఒకటి చేతికొచ్చి ‘ఈ తేదీకి ఈయన నిజంగా కల్నలా, జనరలా’ అని తేల్చుకోవాల్సినవాళ్లు మాత్రం రెండో ఆలోచన లేకుండా తీసుకోవచ్చు.

ఆరు సంపుటాల ‘ది కాన్ఫెడరేట్ జనరల్’

1991లో విలియం సి. డేవిస్ సంపాదకత్వంలో వచ్చిన సెట్ ఇది. దక్షిణాది వైపు మాత్రమే. ఒక్కొక్కరి మీద ఒక్కో చరిత్రకారుడు రాసిన వ్యాసం, చివర చదవాల్సిన పుస్తకాల జాబితా. వార్నర్ ఒక పేజీలో ముగించిన మనిషికి ఇక్కడ తీరిగ్గా చోటు దొరుకుతుంది. చాలామంది రాశారు కాబట్టి నాణ్యత ఒక్కలా లేదు. కొన్ని వ్యాసాలు అద్భుతం, కొన్ని హడావుడిగా రాసినట్టుంటాయి.

అసలు ఆకర్షణ ఫొటోలు. ఒక్కో జనరల్‌కు దొరికిన ఫొటోలన్నీ కలిపి ఇవ్వడానికి ప్రయత్నించారు. ఇది వినోదం కోసం కాదు. కాన్ఫెడరేట్ జనరళ్లందరి కాలర్ మీదా గుర్తు ఒక్కటే: ఆకుల దండలో మూడు నక్షత్రాలు. బ్రిగేడియర్‌కైనా, ఫుల్ జనరల్‌కైనా అదే. నక్షత్రాలు లెక్కపెట్టి హోదా చెప్పడానికి వీల్లేదు. లీ అయితే దండ కూడా లేకుండా కల్నల్ నక్షత్రాలు మూడే పెట్టుకున్నాడు. అందుకే పాత ఫొటో ఎవరిదో తేల్చాలంటే ముఖం పక్కన ముఖం పెట్టి చూడాలి. పాత ఫొటోలు కొనేవాళ్లకు ఈ సెట్ అందుకే ప్రాణం.

ఇంట్లో పెట్టుకోవాలా? నా లెక్కలో వద్దు. ఆరు సంపుటాలు, సెకండ్ హ్యాండ్‌లో తప్ప దొరకవు, ఒక్క సంపుటం తక్కువైతే మిగతా ఐదూ పనికిరానట్టే అనిపిస్తుంది. లైబ్రరీలో చూసుకోండి.

గీత బయట ఉన్నవాళ్ల కోసం

బ్రూస్ ఆల్లార్డైస్ ‘మోర్ జనరల్స్ ఇన్ గ్రే’ 1995లో వచ్చింది. వార్నర్ వదిలేసిన 137 మంది: రాష్ట్ర దళాలవాళ్లు, కర్బీ స్మిత్ పెట్టినవాళ్లు, ఆ కాలం పత్రాల్లో జనరల్ అనిపించుకున్నవాళ్లు. జెఫ్ థాంప్సన్ ఇక్కడ దొరుకుతాడు. ‘గ్రే’ ఉన్నవాళ్లకు ఇది చక్కని జత, ‘గ్రే’ లేకుండా ఒంటరిగా కొంటే మాత్రం అర్థం లేదు.

ఉత్తరాదివైపు ఇదే పని చేసింది రోజర్ హంట్, జాక్ బ్రౌన్‌ల ‘బ్రెవెట్ బ్రిగేడియర్ జనరల్స్ ఇన్ బ్లూ’, 1990. మన పార్కర్ ఉండేది ఇందులో. దాదాపు 1,400 మంది, చిన్న చిన్న ఎంట్రీలు, ఫొటోలు. కథ ఆశించకండి, ముఖం, తేదీలు, సమాధి, అంతే.

కల్నళ్ల దాకా దిగాలంటే దారి ఇంకా ఇరుకు. గెటిస్‌బర్గ్‌లో దీనివల్ల ఒక వింత జరుగుతుంది. స్ట్రాంగ్ విన్సెంట్, ఎడ్వర్డ్ క్రాస్ ఇద్దరూ బ్రిగేడ్లు నడిపిన కల్నళ్లు, ఇద్దరికీ 1863 జూలై 2నే గాయాలు తగిలాయి. విన్సెంట్ జూలై 7 దాకా బతికాడు, జూలై 3 తేదీతో బ్రిగేడియర్ జనరల్ నియామకం వచ్చింది, వార్నర్ పుస్తకంలోకి ఎక్కాడు. క్రాస్ మర్నాడే పోయాడు, కల్నల్‌గానే మిగిలాడు, వార్నర్‌లో లేడు. ఇలాంటివాళ్లకు హంట్ రాష్ట్రాల వారీగా వేస్తూ వచ్చిన ‘కల్నల్స్ ఇన్ బ్లూ’ సంపుటాలు, దక్షిణాదికి ఆల్లార్డైస్ ‘కాన్ఫెడరేట్ కల్నల్స్’ (2008), లీ సైన్యం వరకైతే రాబర్ట్ క్రిక్ ‘లీస్ కల్నల్స్’ చూడాలి. ఇవన్నీ ప్రత్యేక అవసరం ఉన్నవాళ్లకే. పూర్వీకుల వివరాలు వెతికే అమెరికన్లు ఎక్కువగా కొంటారు.

గెటిస్‌బర్గ్ ఒక్కటే మీ లోకమైతే వీటన్నిటికంటే లారీ టాగ్ ‘ది జనరల్స్ ఆఫ్ గెటిస్‌బర్గ్’ (1998) నయం. బ్రిగేడ్, ఆపైన నాయకత్వం వహించిన ప్రతి ఒక్కరూ, కల్నలైనా సరే, దళాల వరసలో ఉంటారు. అప్పటిదాకా ఏం చేశాడు, ఆ మూడు రోజుల్లో ఏం చేశాడు, ఆ తర్వాత ఏమయ్యాడు. క్రాస్ కూడా ఉన్నాడు. కారులో పెట్టుకుని వెళ్లదగ్గ పుస్తకం ఇది. నాన్నగారి ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పొచ్చు.

డాక్టర్ రాసిన జనరళ్లు

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అవసరం లేని పుస్తకాలు రెండు. జాక్ వెల్ష్ అనే డాక్టర్ రాసిన ‘మెడికల్ హిస్టరీస్ ఆఫ్ కాన్ఫెడరేట్ జనరల్స్’ (1995), ‘మెడికల్ హిస్టరీస్ ఆఫ్ యూనియన్ జనరల్స్’ (1996). జనరళ్ల జబ్బులు, గాయాలు, ఆపరేషన్లు, సెలవు చీటీలు. వ్యూహాలు లేవు, విజయాలు లేవు. ఎవరికి ఎప్పుడు జ్వరం, ఎవరికి విరేచనాలు, ఎవరి భుజంలో గుండు చివరిదాకా ఉండిపోయింది.

వినడానికి వెగటుగా ఉన్నా యుద్ధం దీనివల్ల వేరుగా అర్థమవుతుంది. దక్షిణాది జనరల్ జాన్ బెల్ హుడ్‌ను తీసుకోండి. 1863 జూలై 2న గెటిస్‌బర్గ్‌లో ఎడమ చెయ్యి పనికిరాకుండా పోయింది. సెప్టెంబర్ 20న చికమాగాలో కుడికాలు తొడ దగ్గర తీసేశారు. పది నెలలు తిరక్కుండా, 1864 జూలైలో అట్లాంటా ముందు ఒక సైన్యం మొత్తం ఆయన చేతికొచ్చింది. ఆయన్ని గుర్రం మీదకు ఎక్కించి, పడిపోకుండా కట్టాల్సి వచ్చేది. ఆ ఏడాది నవంబర్ 30న టెనెసీలోని ఫ్రాంక్లిన్ దగ్గర ఆయన చేయించిన దాడిలో ఆరుగురు జనరళ్లు చనిపోయారు, లేదా ఆ గాయాలతో పోయారు. హుడ్ నల్లమందు మత్తులో ఉండి అలా చేశాడని చాలాచోట్ల రాస్తారు. దానికి ఆ కాలపు ఆధారం మాత్రం ఎవరూ చూపలేదు. ఇలాంటి పుకారు విన్నప్పుడు సరిచూసుకోవడానికి వెల్ష్ లాంటి పుస్తకమే కావాలి. హుడ్ చివరికి 1879లో న్యూ ఓర్లియన్స్‌లో ఎల్లో ఫీవర్‌తో పోయాడు. అదే జబ్బుకు కొద్ది రోజుల ముందే భార్య, పెద్దకూతురు పోయారు.

ఉత్తరాది జనరల్ డాన్ సికిల్స్ అయితే గెటిస్‌బర్గ్‌లో తెగిన తన కాలిని ఆర్మీ మెడికల్ మ్యూజియానికి పంపించి, తర్వాత వెళ్లి చూసుకొచ్చేవాడు. ఆ ఎముక ఇప్పుడు మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్ మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం.

పైసా ఖర్చు లేనివి

ఇండియాలో ఉండి ఈ పుస్తకాలు తెప్పించుకోవడం కష్టం. పోస్టేజీ పుస్తకం ధరను మించిపోతుంది. అలాంటివాళ్లు పాతవాటితో మొదలుపెట్టొచ్చు. కాపీరైట్ దాటినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. 1903లో ప్రభుత్వం వేసిన ఫ్రాన్సిస్ హైట్‌మన్ రిజిస్టర్‌లో శాశ్వత సైన్యం ఆఫీసర్లందరి ప్రమోషన్ల వరస ఉంటుంది.

దానికంటే రుచిగా ఉండేది జార్జ్ కలమ్ తయారుచేసిన వెస్ట్ పాయింట్ పట్టభద్రుల రిజిస్టర్. ఒక్కొక్కరికీ ఒక నంబర్. లీ 542, గ్రాంట్ 1187. ఎవరు ఏ కోటలో ఎన్నాళ్లు ఉన్నారో నెలల లెక్కన చెబుతుంది. కలమ్ స్వయంగా యూనియన్, అంటే ఉత్తరాది, జనరల్. దక్షిణాదికి వెళ్లిపోయినవాళ్ల విషయంలో ఆయన చేసింది చూడాలి. లీ మెక్సికో యుద్ధంలో చేసినది, వెస్ట్ పాయింట్ సూపరింటెండెంట్‌గా పనిచేసినది అన్నీ వివరంగా ఉంటాయి. 1861 రాజీనామా వస్తుంది. ఆ తర్వాత అమెరికా మీద తిరుగుబాటులో చేరాడని ఒక్క ముక్క, చావు తేదీ. అంతే, నాలుగేళ్ల యుద్ధం మాయం. అలా వెళ్లిపోయినవాళ్లందరికీ అదే వాక్యం. ఒక మనిషి కోపం ఇంత క్రమశిక్షణగా అచ్చయిన రిఫరెన్స్ పుస్తకం నేను ఇంకోటి చూడలేదు.

దీని సంగతి ఎత్తాక ఇంకో మాట. కలమ్ కోపం పైకి కనిపిస్తుంది కాబట్టి ప్రమాదం లేదు. తర్వాతి తరం పుస్తకాల్లో ఎదురు గాలి ఉంటుంది, అది కనపడదు. దక్షిణాది ఓటమిని ఒక గొప్ప త్యాగంలా చెప్పే ధోరణి ఇరవయ్యో శతాబ్దం సగం దాకా చరిత్ర రచనను ఏలింది. యుద్ధం తర్వాత రిపబ్లికన్ పార్టీలో చేరాడన్న కోపంతో దక్షిణాది జనరల్ లాంగ్‌స్ట్రీట్ మీద గెటిస్‌బర్గ్ ఓటమి నెట్టినవాళ్లున్నారు. ఇంకో దక్షిణాది జనరల్ నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్ గుర్రపు దళం చాకచక్యం పేజీలకు పేజీలు రాసి, ఆయన మెంఫిస్‌లో బానిసల వ్యాపారి అన్నది, 1864 ఏప్రిల్ 12న ఫోర్ట్ పిల్లో దగ్గర లొంగిపోతున్న నల్లజాతి సైనికుల్ని ఆయన మనుషులు చంపారన్నది ఒక్క వాక్యంలో దాటేసినవాళ్లున్నారు. ఏ పుస్తకం కొన్నా ముందు ఫారెస్ట్ ఎంట్రీ చదవండి. దాని మొగ్గు ఎటో తెలిసిపోతుంది.

ఇంకో ఖాళీ ఉంది, అది ఏ ఒక్క రచయితదీ కాదు. యూనియన్ సైన్యంలో సుమారు 1,79,000 మంది నల్లజాతి సైనికులు పోరాడారు. వాళ్లలో జనరల్ ఒక్కరూ లేరు, కానివ్వలేదు. డాక్టర్ అలెగ్జాండర్ అగస్టాకు బ్రెవెట్ లెఫ్టినెంట్ కల్నల్, మార్టిన్ డిలేనీకి మేజర్, అదే పైకప్పు. కాబట్టి జనరళ్ల పుస్తకం ఎంత మంచిదైనా అందులో వాళ్ల ముఖాలు కనపడవు. వాళ్లు కావాలంటే అన్ని రకాల మనుషుల్నీ కలిపిన నిఘంటువులు చూడాలి. మార్క్ బోట్నర్ ‘సివిల్ వార్ డిక్షనరీ’ (1959) నాలుగు వేలకు పైగా ఎంట్రీలతో సైన్యం సంగతులకు గట్టిది. స్టీవర్ట్ సిఫాకిస్ ‘హూ వజ్ హూ ఇన్ ది సివిల్ వార్’ (1988) సైన్యం బయటివాళ్ల వైపు కూడా చూస్తుంది.

మరి ఏది తీసుకోవాలి

ఒకటే కొంటానంటే, ఉత్తర దక్షిణాల్లో మీకు ఏ వైపు ఆసక్తో ఆ వార్నర్. రెండు కొనగలిగితే రెండు వార్నర్లూ. వాటి పక్కన మూడోది పెట్టాలంటే కథలు ఇష్టమైనవాళ్లు వెల్ష్ వైపు వెళ్లండి, తేదీల పిచ్చి ఉన్నవాళ్లు ఐకర్ల వైపు. ఏడాదికి రెండుసార్లు గెటిస్‌బర్గ్ వెళ్లడం తప్ప ఇంకేమీ లేదంటే వార్నర్ కూడా అక్కర్లేదు, టాగ్ చాలు. స్కూలు పిల్లల ప్రాజెక్టు కోసమైతే అసలు కొనకండి. ఫెయిర్‌ఫాక్స్‌లో ఉండేవాళ్లకు సిటీ రీజినల్ లైబ్రరీలో వర్జీనియా రూమ్ ఉంది. వేరే ఊళ్లవాళ్లు ఇంటర్‌లైబ్రరీ లోన్ అడగొచ్చు, ఎక్కడో ఉన్న పుస్తకాన్ని మీ బ్రాంచ్‌కు తెప్పిస్తారు. రిఫరెన్స్ సెట్లు బయటికివ్వరు గానీ పేజీల ఫొటో తీసుకోనిస్తారు.

కొనే ముందు ఒక గంట అక్కడ కూర్చోండి. పార్కర్, వేటీ, క్రాస్, జెఫ్ థాంప్సన్, కస్టర్, ఫారెస్ట్: ఈ ఆరు పేర్లు కాగితం మీద రాసుకుని, దొరికిన ప్రతి పుస్తకంలో వెతకండి. ఎవరున్నారు, ఎవరు లేరు, ఉన్నవాళ్ల గురించి ఏం చెప్పారు. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ‘గ్రే’, ‘బ్లూ’ రెండిట్లో ఏది పంపుతున్నారో అమ్మేవాడిని మళ్లీ అడగండి. పేర్లలో ఒక్క రంగే తేడా కదా, నాకు రెండుసార్లు ‘గ్రే’నే వచ్చింది.